చింతపిక్కలతో 1 నుంచి 20 దాకా పందెం

అష్టాచెమ్మాకు నాలుగు చింతపిక్కలు అరగదీయడం మనకు కొత్తేమీ కాదు. ఆ పిక్కల మీదే చుక్కలు పెట్టుకుంటే వైకుంఠపాళీ, లూడో ఆడొచ్చు. ఇరవై ముఖాల పాచిక అడిగే, ఊహాపాత్రలతో కథలా ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కూ పనికొస్తాయి.

ఏడెనిమిది పిక్కలు తీసుకోండి, రెండు మూడు ఎలాగూ పోతాయి. ఉండలా ఉన్నవి, పుచ్చినవి వద్దు; పలచగా, నలుచదరంగా, ఒకే సైజులో ఉన్నవి ఏరండి. గుజ్జు కడిగేసి బాగా ఎండబెట్టండి. గరుకు బండ మీదో, 80 నంబరు శాండ్‌పేపర్ మీదో ఒక వైపే రుద్దండి. పిక్క వేడెక్కుతుంది (పక్కవాళ్ల చేతికి చురక పెట్టేది ఈ వేడితోనే), మధ్యమధ్య ఆపండి. తెలుపు అంచుల దాకా రావాలి, మందంలో దాదాపు సగం పోవాలి. వేలి ఒత్తిడి ఒకే పక్క పడితే ఏటవాలుగా అరుగుతుంది; అలాంటిది పక్కన పెట్టేయండి.

తెల్లవైపు మార్కర్‌తో మూడు పిక్కలకు 1, 2, 4 చుక్కలు పెట్టండి. మూడూ కలిపి వేసి, తెలుపు పైకి పడ్డవాటి చుక్కలు కూడండి. 2, 4 తెల్లగా పడితే 6. అన్నీ గోధుమరంగు పడితే 0, అన్నీ తెల్లగా పడితే 7. ఆ రెండింటికీ మళ్లీ వేయాలి. ఇరవై కావాలంటే 8, 16 అని రాసిన పిక్కలు రెండు చేర్చండి. 0 పడినా, 20 దాటినా మళ్లీ వేయడమే. సగటున ఒక్కో పందేనికి 1.6 సార్లు వేయాల్సి వస్తుంది, కాస్త ఓపిక ఉండాలి.

అసలు చిక్కు పిక్క ఒకే వైపు మొగ్గడం. ప్రతి పిక్కనూ 100 సార్లు వేసి చూడండి. తెలుపు 40 నుంచి 60 మధ్య పడితే ఉంచుకోవచ్చు, దాటితే మార్చండి. మూడు పిక్కలూ 100కి 60 చొప్పున తెల్లగా పడుతుంటే, చెల్లిన పందేల్లో 3, 5, 6 కలిపి 60 శాతం వస్తాయి, 1, 2, 4 కలిపి 40 శాతమే. అష్టాచెమ్మాలో ఇది ఎవరూ పట్టించుకోరు, ఇక్కడ మాత్రం ఆట తేడా కొడుతుంది. గవ్వలు ఈ లెక్కకు పనికిరానిదీ అందుకే: నోరు పైకి పడటం, కిందికి పడటం సమానం కాదు.

మంచి పిక్కలు దొరకకపోతే గణితవేత్త జాన్ వాన్ న్యూమన్ 1951లో చెప్పిన కిటుకు ఉంది. ఒక్కో పిక్కను రెండుసార్లు వేయండి. ముందు తెలుపు, తర్వాత గోధుమ పడితే తెలుపు కింద లెక్క. ముందు గోధుమ, తర్వాత తెలుపు పడితే గోధుమ కింద. రెండూ ఒకటే అయితే ఆ జత వదిలేసి మళ్లీ వేయండి. పిక్క ఎటు మొగ్గినా ఫలితం సమానమే, కాకపోతే ఆట నత్తనడక నడుస్తుంది.

పిక్కలను రెండు చేతుల్లో గిలకొట్టి జానెడు ఎత్తు నుంచి వదలండి. ఒకదాని మీద ఒకటి వాలితే ఆ పందెం చెల్లదని ఆట మొదలుపెట్టకముందే ఒప్పుకోండి.