పిట్టల నీళ్ల పని పిల్లలదే

దయగా ఉండమని చెబితే పిల్లలు వింటారు, మర్చిపోతారు. రోజూ చేసే పని ఒకటి ఇవ్వండి. ఈ ఎండల్లో బాల్కనీ నీడన మట్టి మూకుడు పెట్టి, పిట్టలకు నీళ్లు పోసే బాధ్యత వాళ్లకే వదిలేయండి. రెండంగుళాల లోతు సరిపోతుంది. నాలుగు గులకరాళ్లు కూడా వేయించండి, తేనెటీగలు మునిగిపోకుండా వాటిమీద వాలి తాగుతాయి. పాత నీళ్లు రోజూ పారబోసి మూకుడు తోమాలి, నిలవుంటే దోమలు పుడతాయి. ఒకరోజు మర్చిపోతే తిట్టకండి. ఖాళీ మూకుడు దగ్గరికి తీసుకెళ్లి చూపించండి, అంతే. మా పాప అలా చూసిన మర్నాటి నుంచి లేవగానే చెంబు పట్టుకుని వెళ్తోంది, నాకెంత సంతోషమో! వరికంకుల కుచ్చు దొరికితే పక్కనే కట్టండి. గోదావరి జిల్లాల్లో ఇంటి చూరుకు పిచ్చుకల కోసం కట్టేవారే, అలాంటిది.