నర్సింగ్ సహాయకుల శిక్షణకు, కొలువుకు దరఖాస్తు చేసుకునే విధానం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల అభ్యర్థులకు

రోగికి పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం, అన్నం తినిపించడం, నాడి, జ్వరం చూసి రాసిపెట్టడం వంటి పనులు చేసేవారిని అమెరికాలో సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్లంటారు. మన దగ్గర దానికి సమీపమైన శిక్షణ జనరల్ డ్యూటీ అసిస్టెంట్, అంటే జీడీఏ. దీని పాఠ్య ప్రమాణాలను హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ రూపొందించింది. ఈ సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన నర్సు అయినట్టు కాదు. ఆంధ్రప్రదేశ్ నర్సెస్ అండ్ మిడ్‌వైవ్స్ కౌన్సిల్‌లో నమోదు ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ వంటి గుర్తింపు పొందిన కోర్సులు పూర్తిచేసినవారికే ఉంటుంది. "నర్సింగ్ కోర్సు" అని బోర్డు పెట్టి ఫీజు అడిగే ప్రతి సంస్థనూ, డబ్బు కట్టకముందే, సర్టిఫికెట్ ఎవరి పేరుతో వస్తుందో నిలదీసి అడగడం మంచిది.

ప్రభుత్వ పథకం కింద ఉచితంగా నేర్చుకోవాలనుకునేవారు స్కిల్ ఇండియా డిజిటల్ హబ్‌లో ఆధార్‌తో నమోదు చేసుకుని, దగ్గరలోని కేంద్రంలో జీడీఏ బ్యాచ్ ఉందో లేదో చూసుకోవాలి. నమోదుకు ఆధార్‌తో అనుసంధానమైన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది కాబట్టి, పాత నంబరు ఉన్నవారు ముందుగా ఆధార్ కేంద్రంలో మార్పించుకోవాలి. కందుకూరు, కొండపి వైపు పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్ళిన ఆడవారికి వేలిముద్రలు అరిగిపోయి యంత్రం తీసుకోకపోవడం కొత్తేమీ కాదు. ఆ పనికి ఒక రోజు ఎక్కువే పెట్టుకుని వెళ్ళాలి.

అసలు చిక్కు పేర్ల దగ్గరే వస్తుంది. పదో తరగతి మార్కుల జాబితాలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, కుల ధ్రువీకరణ పత్రంలో ఇంటిపేరుకు బదులు ఒక్క అక్షరం ఉన్న అభ్యర్థి పత్రాలు పరిశీలనలో ఆగిపోతాయి. మార్కుల జాబితాలోని పేరునే ఆధారంగా తీసుకుని మిగిలినవాటిని దానికి సరిచేయించుకోవడం తేలిక. 2022 ఏప్రిల్ పునర్విభజనలో ప్రకాశం నుంచి నెల్లూరుకు మారిన కందుకూరు ప్రాంతంవారు పాత పత్రాల్లో జిల్లా పేరు ఏముందో కూడా ఒకసారి చూసుకోవాలి.

శిక్షణ చివర రాత పరీక్షతో పాటు చేసి చూపించే పరీక్ష ఉంటుంది. రోగి మంచం మీదే ఉండగా దుప్పటి మార్చడం చూడడానికి చిన్న పనే. రోగిని ఒక పక్కకు తిప్పి, పాత దుప్పటిని వీపు వెంబడి చుట్టి, కొత్తది పరచి, మళ్ళీ రెండో పక్కకు తిప్పాలి. మధ్యలో రోగిని పట్టుకోవడం మరిస్తే ఎంత చదివినా మార్కులు రావు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇలాంటి పనికి మేల్, ఫిమేల్ నర్సింగ్ ఆర్డర్లీ (ఎంఎన్‌ఓ, ఎఫ్‌ఎన్‌ఓ) పోస్టులు ఎక్కువగా కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో పడుతుంటాయి. నెల్లూరు, ఒంగోలు సర్వజన ఆసుపత్రుల ప్రకటనలను జిల్లా అధికారిక వెబ్‌సైట్లలోనే చూడాలి. వాట్సాప్‌లో తిరిగే కాగితాన్ని నమ్మి డీడీ తీయకూడదు. సాధారణంగా పదో తరగతి అర్హత, కొన్ని ప్రకటనల్లో ప్రథమ చికిత్స సర్టిఫికెట్ అడుగుతారు. ఇలాంటి నియామకాల్లో మొత్తం 100 మార్కుల్లో అర్హత పరీక్ష (ఇక్కడ పదో తరగతి) మార్కులకు 75, ఉత్తీర్ణత నుంచి గడిచిన కాలానికి 10, కాంట్రాక్టు లేదా కోవిడ్ సేవకు 15 చొప్పున వెయిటేజీ ఇచ్చే పద్ధతి ఉంది. అంటే జీడీఏ సర్టిఫికెట్ ప్రైవేటు ఆసుపత్రిలో, ఇంటివద్ద వృద్ధుల సంరక్షణలో పనికొచ్చినంతగా ఇక్కడ పనికిరాకపోవచ్చు. ఏ ప్రకటనకు ఏ లెక్కో ఆ ప్రకటనలోనే చదువుకోవాలి.

దరఖాస్తుతో మార్కుల జాబితా, కుల ధ్రువీకరణ పత్రం, స్థానికత కోసం 4 నుంచి 10వ తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్ల నకళ్ళు జతచేయాలి. గెజిటెడ్ అధికారి సంతకం అడిగితే ముందే చేయించుకోవాలి. ఒక్క తరగతి కాగితం లేకపోయినా స్థానికేతరుల కింద లెక్కించే ప్రమాదం ఉంది. బడి మూతపడి ఉంటే ఆ మండల విద్యాశాఖ అధికారి కార్యాలయంలో అడగాలి. దరఖాస్తు అందినట్టు రసీదు, సమర్పించిన ప్రతి కాగితానికీ మరో జిరాక్సు ఇంట్లో ఉంచుకోవాలి. తాత్కాలిక మెరిట్ జాబితా వెలువడినప్పుడు అభ్యంతరాలకు కొద్ది రోజులే గడువు ఇస్తారు, అప్పుడు చేతిలో కాగితం లేకుండా మాట చెబితే కౌంటర్లో ఎవరూ వినరు.