పాత పోర్ట్రెయిట్లు చదవడం – 4వ పాఠం: అట్ట వయసు వేరు, బొమ్మ వయసు వేరు

ఈసారి దుస్తుల గురించి చెప్పుకోవాలి. కానీ గత పాఠానికి వచ్చిన జవాబులు చూశాక అది పక్కన పెట్టక తప్పలేదు. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికన్ కవయిత్రి ఎలైజా ఆర్. స్నో క్యాబినెట్ కార్డుకు (ప్రింటును మందపాటి అట్ట మీద అతికించిన పాతకాలపు ఫొటో) కాలం కట్టమంటే, అట్ట కొలతలు దాదాపు అందరూ సరిగ్గానే తీశారు: సుమారు 108 × 165 మిల్లీమీటర్లు. మందం, బంగారు అంచు చూసి 1880లదన్నారు. అదీ సరే. అక్కడితో ఆగకుండా, 'కాబట్టి ఈ ఫొటోలో ఆమెకు ఎనభై ఏళ్లు' అని రాసేశారు. ఆమె పుట్టింది 1804లో కాబట్టి లెక్క కుదిరింది. ముఖం మాత్రం ఎవరూ చూడలేదు. ఎనభై ఏళ్ల ముఖం కాదది.

అట్ట చెప్పేది ఆ ప్రింటు ఎప్పుడు అతికించారన్నది మాత్రమే. ఆమె కెమెరా ముందు ఎప్పుడు కూర్చున్నదీ దానికి తెలియదు. అందుకే ప్రతి కార్డుకూ రెండు తేదీలు రాయాలి: కూర్చున్న కాలం, ప్రింటు వేసిన కాలం. రెండో గడి మాత్రమే నిండితే మొదటిది ఖాళీగానే ఉంచండి. ఊహించి నింపిన గడి కంటే ఖాళీ గడి మేలు.

1864 సెప్టెంబరు 1 నుంచి 1866 ఆగస్టు 1 వరకు అమెరికాలో అమ్మిన ఫొటోలకు పన్ను స్టాంపు అంటించాల్సి ఉండేది. అందుకే కార్ట్ డి విజిట్ (విజిటింగ్ కార్డంత చిన్న అట్ట ఫొటో) చేతికి రాగానే నేను ముందు వెనక్కి తిప్పి చూస్తాను. స్టాంపు కనిపిస్తే పండగే. కానీ అది కూడా అమ్మకం తేదీయే. ఐదేళ్ల కిందటి నెగటివ్ నుంచి తీసిన ప్రింటుకైనా అదే స్టాంపు పడుతుంది.

ఇక అందరూ బోల్తా పడ్డ చోటు: ఫొటోకు ఫొటో. డాగెరోటైప్‌కు (లోహపు రేకు మీదే నేరుగా పడే తొలినాటి ఫొటో) నెగటివ్ ఉండదు, ఒక్క రేకే. ఇంకో ప్రతి కావాలంటే ఆ రేకునే మళ్లీ కెమెరాతో తీయాలి. ఎలైజా లాంటి పేరున్న కవయిత్రి బొమ్మను జనం ఆల్బముల కోసం కొనుక్కునేవారు. కాబట్టి స్టూడియోలు పాత బొమ్మనే కొత్త అట్ట మీద మళ్లీ మళ్లీ అమ్మేవి. సాల్ట్ లేక్ సిటీలో చార్లెస్ ఆర్. సావేజ్ స్టూడియో 1883 జూన్‌లో కాలిపోయింది, నెగటివ్‌లూ పోయాయి. ఆ తర్వాత అదే స్టూడియో ముద్రతో 1860ల నాటి ముఖం కనిపిస్తే, ముందుగా అనుమానించాల్సింది అది ప్రింటు నుంచి తీసిన నకలేమోనని. 1887 డిసెంబరు 5న ఆమె చనిపోయిన తర్వాత తయారైన కార్డుల సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

నకలును పట్టుకోవడానికి అన్నిటికంటే నమ్మదగ్గ గుర్తు మరక. గోధుమ రంగు మరక ప్రింటు అంచు దాటి అట్ట మీదికీ పాకిందా? అయితే అది ఈ కార్డుకే పట్టిన మరక. సరిగ్గా ప్రింటు అంచు దగ్గర కోసినట్టు ఆగిందా? అది తల్లి బొమ్మ, అంటే నకలు తీసిన పాత ఫొటో, నుంచి వచ్చి ఉండొచ్చు. గీతలకూ ఇలాంటి పరీక్షే. అసలు గీత దగ్గర పైపొర లేచి, కాగితం తెల్లగా బయటపడుతుంది. ఫొటోలో పడ్డ గీత అంచులు మెత్తగా, చుట్టూ ఉన్న రంగులోనే ఉంటాయి. ఒరిజినల్ ముందుంటే పక్క నుంచి వెలుతురు వేసి, పదింతల భూతద్దంతో చూడండి. గీత కనబడుతూనే పైపొర నున్నగా ఉంటే నకలే. ముఖం చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో మసక వలయం ఉంటే, డాగెరోటైప్ చట్రం వెంట పట్టిన మకిలి కూడా ఫొటోలోకి వచ్చిందన్నమాట. నల్ల పట్టు గౌను మడతలు కలిసిపోయి ఒకే నల్లటి ముద్దయినా అనుమానించాలి. కానీ ఆ ఒక్క ఆధారంతో తేల్చకండి, ప్రింటు సరిగ్గా వేయకపోయినా అలాగే అవుతుంది.

రెండు కార్డుల్లో ఉన్నది ఒకే బొమ్మా కాదా తేల్చడానికి రెంటి స్కాన్‌లనూ ఒకదాని మీద ఒకటి పరచండి. రెండు కనుపాపల మధ్య దూరం సమానం చేసి, పైదాన్ని సగం పారదర్శకం చేయాలి. కాలరు మడతలు, ముక్కు పక్క నీడ, లేసు అంచు అన్నీ కలిస్తే మూలం ఒకటే. కలవకపోతే ఒకదాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి మళ్లీ చూడండి, ఎందుకంటే డాగెరోటైప్‌లో కుడి ఎడమలు తారుమారవుతాయి. అంతా కలిసి వెనకనున్న కుర్చీ మాత్రం వెంట్రుకవాసి జరిగితే కంగారు పడొద్దు. కార్ట్ డి విజిట్ కెమెరాలకు తరచూ నాలుగు లెన్సులు ఉండేవి, ఒక్కొక్కటీ కాస్త పక్క నుంచి చూస్తుంది. కూర్చోవడం ఒకటే.

దుస్తుల గురించి ఇప్పటికి ఒక్క మాట. వయసు మళ్లిన స్త్రీలు పాత పద్ధతి గౌనునే ఏళ్ల తరబడి కట్టుకునేవారు. కాబట్టి గౌను మోడలు 'అంతకు ముందు కాదు' అని చెబుతుందే తప్ప, 'ఆ తర్వాత కాదు' అని చెప్పదు.

అభ్యాసం: ఎలైజా స్నో, ఆమె సమకాలికులైన ఎమెలిన్ బి. వెల్స్, ఎలిజబెత్ ఆన్ విట్నీ ముగ్గురూ ఉన్న ఫొటో సాల్ట్ లేక్ సిటీలోని మోర్మన్ చర్చి హిస్టరీ లైబ్రరీ సేకరణలో ఉంది. కింద రాసిన తేదీ చూడకుండా మొదలుపెట్టండి. విట్నీ 1882 ఫిబ్రవరి 15న చనిపోయారు, అది పై హద్దు. కింది హద్దు మీరే కట్టాలి. 1828లో పుట్టిన ఎమెలిన్ ముఖాన్ని, తేదీ గట్టిగా తెలిసిన ఆమె వేరే ఫొటోలు కనీసం రెండింటితో పోల్చండి. విడివిడి బొమ్మలు కోసి అతికించిన గుంపు ఫొటోలు ఆ రోజుల్లో మామూలే కాబట్టి, ముగ్గురి ముక్కు నీడలూ ఒకే వైపు పడ్డాయో లేదో ముందే చూసుకోండి. ఆ తర్వాత ఎలైజా ఒక్కతే ఉన్న కార్డులు మూడు వెతికి, కనుపాపల పద్ధతిలో పరచి, ఏది తల్లి, ఏది నకలు, ఏది వేరే కూర్చోవడం అన్నది కారణాలతో రాయండి. ఒక్కోదానికి రెండు గడులు. వెనకవైపు స్కాన్ కూడా ఉన్న కార్డులే తీసుకోండి.