ఇఫ్ వాక్యం కింద నిజం రాసి చూడండి

ఇంగ్లీషు షరతు వాక్యాలను వ్యాకరణ పుస్తకాలు జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్ అని పట్టికగా ఇస్తాయి. నా దగ్గర చదువుకునే వారిలో చాలామందికి ఆ పట్టిక కంఠతా వచ్చు. సొంతంగా ఒక వాక్యం రాయమంటే మాత్రం కలం కదలదు. అందుకే నేను పట్టికను పక్కన పెట్టి ఒక పని చేయిస్తాను. చెప్పదలచుకున్న మాటను ముందు తెలుగులో రాయండి. దాని కిందనే, అసలు జరిగిన నిజం ఏమిటో ఇంకో వరుసలో రాయండి. ఏ క్రియారూపం వాడాలో ఆ రెండో వరుస చెబుతుంది.

‘డబ్బుంటే ఇల్లు కొంటాను’ అనే మాట చూడండి. డబ్బు చేతికి అందబోతున్న మనిషి అలాగే అంటాడు, ఏ ఆశా లేని మనిషీ అలాగే అనగలడు. సందర్భాన్ని బట్టి మనకు అర్థమైపోతుంది. ఇంగ్లీషుకు అది చాలదు, క్రియలోనే తేల్చి చెప్పాలి.

‘ఆమె ఫోను చేస్తే వెళ్తాను.’ కింద నిజం రాయబోతే రాయలేం. చేస్తుందో లేదో ఇంకా తెలియదు. అలా రెండో వరుస ఖాళీగా ఉంటే ఇఫ్ పక్కన వర్తమాన కాలం, రెండో భాగంలో విల్ పెట్టాలి: ‘ఇఫ్ షి కాల్స్ మి, ఐ విల్ గో.’ ఫోను రావలసింది రేపు కదా అని ‘ఇఫ్ షి విల్ కాల్’ అని రాసేవారు చాలామంది. రేపటి సంగతి రెండో భాగంలోని విల్ చెబుతోంది కాబట్టి ఇఫ్ పక్కన మళ్లీ అక్కర్లేదు. మర్యాదగా కోరేటప్పుడు ‘ఇఫ్ యు విల్ వెయిట్ ఎ మినిట్’ అంటారు. అక్కడ విల్ తెలిపేది ఎదుటివారి సమ్మతిని, కాలాన్ని కాదు.

ఎప్పుడూ నిజమయ్యే విషయాలకు రెండు చోట్లా వర్తమానమే: ‘ఇఫ్ యు హీట్ ఐస్, ఇట్ మెల్ట్స్.’

ఇక ఆశ లేని మనిషి మాట. కింద నిజం: ‘నా దగ్గర డబ్బు లేదు, కొనడం లేదు.’ నిజం వర్తమానంలో ఉంది, చెప్పే మాట దానికి విరుద్ధంగా ఉంది. అప్పుడు క్రియ ఒక అడుగు వెనక్కి వేస్తుంది: ‘ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ బై ఎ హౌస్.’ హ్యాడ్ కనిపించగానే ఇది పాత సంగతి అనుకోకండి. మాట ఇప్పటి గురించే. ఆ వెనకడుగు వాస్తవానికి ఉన్న దూరాన్ని చూపిస్తుంది. ఈ ఒక్క విషయం మనసుకు పడితే మిగతా పాఠం బరువనిపించదు. రేపు జరిగే అవకాశం దాదాపు లేదనిపించే వాటికీ ఇదే రూపం. ‘ఇఫ్ ఐ వర్ యు’లో ఐ పక్కన వర్ రావడం కూడా ఈ ఊహకు గుర్తే. మాటల్లో వాజ్ కూడా వినిపిస్తుంది కానీ రాతలో వర్ వాడమనే నేను చెబుతాను.

‘నువ్వు చెప్పి ఉంటే నేను వచ్చేవాడిని.’ నిజం: ‘నువ్వు చెప్పలేదు, నేను రాలేదు.’ నిజమే గతంలో ఉంది కాబట్టి క్రియ ఇంకో అడుగు వెనక్కి పోవాలి: ‘ఇఫ్ యు హ్యాడ్ టోల్డ్ మి, ఐ వుడ్ హావ్ కమ్.’ ఇఫ్ పక్కన వుడ్ హావ్ పెట్టకండి, దాని చోటు రెండో భాగమే.

పట్టిక నమ్ముకున్నవారు తడబడేది కలగలుపు వాక్యాల దగ్గర. నిజం ఇలా ఉందనుకోండి: ‘రాత్రి సరిగా నిద్రపోలేదు, ఇప్పుడు అలసటగా ఉంది.’ మొదటి సగం గతం, రెండో సగం వర్తమానం. ఏ సగానికి తగిన రూపం ఆ సగానికి ఇవ్వండి: ‘ఇఫ్ ఐ హ్యాడ్ స్లెప్ట్ వెల్, ఐ వుడ్ నాట్ బి టయర్డ్ నౌ.’ దీన్ని ఐదో రకంగా బట్టీ పట్టనవసరం లేదు.

వినేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. ‘ఐడ్’ అని వినిపిస్తే అది హ్యాడా, వుడ్డా? తర్వాతి మాట పట్టుకోండి. ‘ఐడ్ గో’లో క్రియ మొదటి రూపం ఉంది కాబట్టి వుడ్. ‘ఐడ్ గాన్’లో మూడో రూపం కాబట్టి హ్యాడ్. ‘ఐడ్ హావ్ గాన్’ అయితే మళ్లీ వుడ్డే.

అన్‌లెస్‌లో ‘కాకపోతే’ అనే అర్థం ముందే ఉంది. ‘మీరు రాకపోతే’ అనడానికి ‘అన్‌లెస్ యు కమ్’ చాలు, డోంట్ చేర్చితే అర్థం తలకిందులవుతుంది. ఇఫ్ భాగం ముందుంటే దాని తర్వాత కామా పెట్టండి, వెనక ఉంటే సాధారణంగా అక్కర్లేదు.

అధికారిక ఉత్తరాల్లో ఇఫ్ మాయమై క్రియ ముందుకు వస్తుంది: ‘హ్యాడ్ ఐ నోన్’, ‘షుడ్ యు నీడ్ హెల్ప్’. చూడడానికి ప్రశ్నల్లా ఉన్నా ఇవీ షరతులే. చదివేటప్పుడు మనసులో ఇఫ్ చేర్చుకుంటే అర్థం తిన్నగా వస్తుంది.