అద్దంలో మన మొహం కాకుండా బొమ్మ కనపడాలంటే

పటం కట్టి అద్దం బిగించిన బొమ్మ ముందు నిలబడితే బొమ్మకంటే ముందు మన మొహం, వెనకున్న కిటికీ కనిపిస్తాయి. నీటిరంగుల దగ్గర మరీ చిరాకు, పల్చటి పూతలన్నీ ఆ మెరుపులో కలిసిపోతాయి.

రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) బొమ్మలు చూడ్డానికి వెళ్లినా, మీ ఊళ్లో ఏ హాల్లోనో పెట్టిన ప్రదర్శనకి వెళ్లినా ఒక నల్ల గొడుగు పట్టుకెళ్లండి. మా కోనసీమ వాళ్లకి వానాకాలం ఎలాగూ చేతిలోనే ఉంటుంది. బొమ్మకి మూడడుగుల దూరంలో నిలబడి, గొడుగు తెరిచి దాన్ని మన తల వెనకకి వాల్చి పట్టుకోవాలి, లోపలి నలుపు బొమ్మ వైపు ఉండేలా. అద్దంలో కిటికీ బదులు నలుపు పడుతుంది. అప్పుడు పూత మీద పూత, అడుగున మిగిలిన పెన్సిల్ గీత కూడా తేలతాయి. చొక్కా కూడా ముదురు రంగుదైతే మేలు.

లోపల వెండిపూత ఉన్న గొడుగు పనికిరాదు, ఇంకా మెరుస్తుంది. ట్యూబులైటు సరిగ్గా బొమ్మ పైనే ఉంటే నల్లదీ ఆపలేదు; రెండడుగులు పక్కకి జరిగి ఏటవాలుగా చూడటమే. తడి గొడుగైతే బయటే దులిపి ఆరనివ్వండి, తెరిచే ముందు అక్కడివాళ్లని ఒక మాట అడగండి. జనం ఎక్కువుంటే మాత్రం ఆ ఊసే వద్దు, ఊచ ఎవరి కంట్లోనైనా గుచ్చుకోగలదు.