నాటు సొర, బీర: గింజ నుంచి గింజ దాకా

గింజలు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ముందు పేరు సరిచూసుకోండి. కోస్తాలో ఆనపకాయ అంటే సొరకాయ. చిత్తూరు వైపు అనపకాయ అంటే చలికాలంలో గింజలు ఒలిచి పులుసు పెట్టుకునే చిక్కుడు జాతి కాయ. కాబట్టి పేరు ఒక్కటే చాలదు. కాయ పొడవా గుండా, రంగేమిటి, ఏ ఊరి గింజ అన్నది కూడా అడిగి రాసుకోవాలి. గింజను చేతిలోకి తీసుకుని చూసినా చాలా తెలుస్తుంది. బీర గింజ నల్లగా, గరుకుగా, పైన చిన్న చిన్న గుంటలతో ఉంటుంది. నేతిబీర గింజ నున్నగా ఉండి, చుట్టూ సన్నటి రెక్కలాంటి అంచు కనిపిస్తుంది. సొర గింజ పలకగా ఉండి, ఒక కొసన రెండు మూలలు చెవుల్లా పొడుచుకొస్తాయి. హైబ్రిడ్ ప్యాకెట్ తీగ నుంచి తీసిన గింజను మాత్రం నాటు గింజల్లో కలపొద్దు. మరుసటి తరంలో ఒక్కో తీగ ఒక్కో రకంగా కాస్తుంది.

విత్తడం

వానాకాలం పంటకు మృగశిర, ఆరుద్ర కార్తెలు మంచి అదను. వేసవి పంటకైతే జనవరి చివర నుంచి ఫిబ్రవరి నెలాఖరు లోపు పెట్టేయాలి.

సొర గింజ పెంకు మందం. లోపలి పప్పుకు తగలకుండా, గోళ్ల కత్తెరతో కొంచెం పెంకు తీసేస్తే నీరు త్వరగా లోపలికి వెళ్తుంది. తర్వాత సొర, బీర రెండింటినీ 12 గంటలు గోరువెచ్చని నీటిలో నానబెట్టండి. 24 గంటలు దాటితే గింజ ఊపిరాడక కుళ్లుతుంది. నీరు వంచేసి, పిండిన తడిగుడ్డలో చుట్టి, మూతపెట్టిన డబ్బాలో ఉంచితే మూడు నుంచి ఐదు రోజుల్లో తెల్లటి మొలక ముక్కు కనిపిస్తుంది. ఆ దశలోనే నాటాలి. వేరు అంగుళం సాగి గుడ్డలోకి దూరిందంటే తీసేటప్పుడు విరుగుతుంది.

గింజశుద్ధికి వాడే బీజామృతం పట్టించాలనుకుంటే ఇంటికి సరిపడా కొలత ఇది: లీటరు నీటికి పావుకిలో తాజా ఆవుపేడ, పావు లీటరు ఆవు మూత్రం, రెండున్నర గ్రాముల సున్నం, చిటికెడు గట్టుమట్టి. రాత్రంతా ఉంచి పొద్దున కలియబెట్టి, నానిన గింజలను అందులో ముంచి నీడన ఆరనిస్తే చాలు.

ఈ తీగలకు వేరు కదిపితే గిట్టదు. ట్రేలో పెంచి పీకి నాటడం కంటే నేరుగా కుండీలో పెట్టడమే మంచిది. లేదా కాగితపు కప్పులో మొలిపించి, రెండు అసలు ఆకులు రాగానే కప్పు అడుగు చించి మట్టిగడ్డతో సహా దించాలి. గింజను అంగుళం లోతున, అడ్డంగా పడుకోబెట్టి నాటండి.

మేడ మీద పెంచేవారికి సొర తీగ ఒక్కదానికి 20 అంగుళాల వెడల్పు, దాదాపు అంతే లోతున్న సంచి కావాలి. సగం ఎర్రమట్టి, మూడో వంతు బాగా మాగిన పశువుల ఎరువు, మిగతాది కోకోపీట్ (కొబ్బరి పొట్టు), దాంతో రెండు గుప్పెళ్ల వేపపిండి కలపండి. పచ్చిపేడ వేస్తే వేరు మాడి, పురుగూ చేరుతుంది. నేలలో అయితే గుంటకూ గుంటకూ మూడడుగులు, వరుసల మధ్య ఎనిమిది నుంచి పదడుగులు వదలండి.

మొలక నేల మట్టం దగ్గర నడుము సన్నబడి వాలిపోతే అది నారుకుళ్లు. తడి ఎక్కువై, గాలి ఆడక వస్తుంది. పడిపోయినదాన్ని బతికించలేం, మిగతావాటికి నీరు తగ్గించండి. బీజదళాలు (మొలకకు వచ్చే తొలి జంట ఆకులు), లేత ఆకులు జల్లెడలా అయితే గుమ్మడి పెంకుపురుగు తిన్నట్టు. ఎర్రగా ఉండే ఈ పురుగు పొద్దున్నే మందకొడిగా ఉంటుంది, అప్పుడు చేత్తో ఏరేయొచ్చు.

తీగ పందిరి అందుకోగానే సొర కొస తుంచండి. ఆడపువ్వులు పక్కకొమ్మల మీదే ఎక్కువ. మొదటి రెండు మూడు వారాలు మగపువ్వులే పూస్తాయి, కంగారు పడొద్దు. ఆ తర్వాత కూడా అవే వస్తూ, ఆకులు మాత్రం ముదురాకుపచ్చగా ఏపుగా ఉంటే నత్రజని ఎక్కువైందని అర్థం. ఎరువు ఆపి, నెలకోసారి గుప్పెడు బూడిద మొదట్లో చల్లండి.

రకం చెడకుండా చూడటం

నాటు రకాలు మన పెరళ్లలోంచి జారిపోతున్నది ఎక్కువగా ఇక్కడే. పక్కింటి హైబ్రిడ్ సొర పుప్పొడి మీ తీగ ఆడపువ్వు మీద పడినా ఈ ఏడు కాయలో ఏ తేడా రాదు. మీ అమ్మమ్మ గుండు సొర గుండుగానే కాస్తుంది. మారేది లోపలి గింజ. ఆ సంగతి మరుసటి ఏడు విత్తాక గానీ బయటపడదు, అప్పటికి పాత గింజలు అయిపోయి ఉంటాయి. సొరకు సొర, బీరకు బీర తేలిగ్గా కలుస్తాయి. గుత్తిబీర కూడా బీరతో కలుస్తుంది. విత్తన పంటల్లో రకానికీ రకానికీ మధ్య అర కిలోమీటరు నుంచి కిలోమీటరు దూరం పాటిస్తారు. ఊళ్లో, అపార్ట్‌మెంట్లలో అది కుదరదు కాబట్టి చేత్తో పరాగసంపర్కం చేయాల్సిందే.

సొర పువ్వు సాయంత్రం విచ్చుకుని, తెల్లారేసరికి వాడిపోతుంది. మధ్యాహ్నం మూడింటికి పందిరి కింద నిలబడి మొగ్గలు చూడండి. ఆ సాయంత్రం విచ్చుకోబోయే మొగ్గకు కొసన తెల్లరేకులు తొంగిచూస్తుంటాయి. రేపటి మొగ్గ ఇంకా ఆకుపచ్చగా బిగిసి ఉంటుంది. ఆడమొగ్గకు కింద నూగుతో మెత్తగా ఉన్న బుల్లి పిందె ఉంటుంది, మగమొగ్గకు సన్నటి కాడ మాత్రమే. ఒక ఆడమొగ్గను, వేరే తీగ మీది రెండు మూడు మగమొగ్గలను ఎంచుకుని, కొసలను దారంతో వదులుగా కట్టండి. పురుగు లోపలికి దూరకూడదు, రేకు నలగకూడదు.

ఆరు ఏడింటి మధ్య మగపువ్వు కోసి, రేకులు తీసేసి, మధ్యలోని పుప్పొడి దిమ్మను ఆడపువ్వు లోపల మూడు పాయలుగా ఉన్న కీలాగ్రం మీద అన్ని వైపులా మెల్లగా రాయండి. ఒక పాయ వదిలేస్తే కాయ ఒకవైపు వంకర తిరుగుతుంది. వెంటనే ఆడపువ్వును మళ్లీ కట్టేసి, తొడిమకు ఎర్రదారం కట్టి తేదీ రాసిపెట్టండి. వారం తర్వాత పిందె బలిసి కిందికి వాలితే నిలిచినట్టే. పసుపెక్కి రాలితే పుప్పొడి సరిగా అందలేదు, లేదా వేడి ఎక్కువైంది. ఇంకో మొగ్గతో మళ్లీ ప్రయత్నించండి.

బీర కాస్త ముందే విచ్చుకుంటుంది. మధ్యాహ్నం రెండింటికల్లా మొగ్గలు కట్టి, ఐదు గంటల తర్వాత రాయాలి. నేతిబీర తెల్లవారుజామున విచ్చుకుంటుంది, ముందురోజు సాయంత్రమే కట్టాలి. గుత్తిబీరలో ఒకే పువ్వులో ఆడ, మగ రెండూ ఉంటాయి కాబట్టి పని తేలిక. గుత్తి మొత్తానికి పలచటి వలసంచి తొడిగి, పూలు విచ్చుకున్నాక మెత్తటి బ్రష్‌తో లోపల తిప్పితే చాలు.

ఒక్క తీగ గింజతోనే ఏళ్ల తరబడి నెట్టుకురావద్దు, రకం నీరసిస్తుంది. కనీసం ఐదారు తీగలుండాలి. చోటు లేకపోతే అదే రకం పెంచే ఇద్దరు ముగ్గురు గింజలు కలిపి పంచుకోవచ్చు.

చేదు పరీక్ష

దీన్ని ఎవరూ దాటవేయకూడదు. సొరకాయ చేదెక్కితే అందులో కుకర్బిటాసిన్లు అనే విషపదార్థాలు ఎక్కువగా ఉన్నట్టు. వండినా పోవు, రక్తపు వాంతుల దాకా తెస్తాయి. విత్తనానికి వదిలే ముందు, అదే తీగ లేత కాయ ఒకటి కోసి చిన్న ముక్క నాలుకకు తాకించి ఉమ్మేయండి. పుప్పొడి తీసుకున్న తీగ కాయనూ అలాగే చూడండి. చేదుంటే ఆ కాయ పారేసి, ఆ తీగ నుంచి గింజ తీయొద్దు. ఆకులు మచ్చలు మచ్చలుగా పాలిపోయి ముడుచుకున్న తీగల నుంచీ తీయొద్దు, అది వైరస్ తెగులు.

గింజ తీయడం, దాచడం

తీగకు ఒకటి, మహా అయితే రెండు కాయలే విత్తనానికి వదలండి. కాయ ముదిరేకొద్దీ తీగ కొత్త పిందెలు వేయడం తగ్గిస్తుంది. పండుఈగ గుడ్లు పెట్టకుండా, పిందె నిలవగానే కాగితపు సంచి తొడగండి.

సొరకాయ రెండు నెలల పైచిలుకు తీగ మీదే ఉండాలి. పచ్చదనం పోయి, గోటితో గిచ్చినా దిగనంత గట్టిపడ్డాక కోసి, నీడన వేలాడదీయండి. ఊపితే గింజలు గలగలలాడాలి. గింజలు తీసుకున్నా సొరబుర్ర మిగులుతుంది, పారేయకండి. బీరకాయ గోధుమరంగులో ఎండి తేలికవుతుంది. కొసన ఉన్న చిన్న మూత ఊడగొట్టి బోర్లిస్తే గింజలు జలజలా రాలతాయి. తెల్లగా, తాలుగా ఉన్నవి ఏరేయండి.

నీడన మూడు నాలుగు రోజులు, ఆపైన పొద్దున పదిలోపు ఎండలో రెండు రోజులు ఆరబెట్టండి. మిట్టమధ్యాహ్నం డాబా మీద పోస్తే పిలకే మాడుతుంది. సొర గింజ వంచితే టప్పున విరగాలి. సాగుతూ వంగితే ఇంకా తడి ఉంది. జల్లెడపట్టిన పొడి బూడిద కలిపి, గాజుసీసాలో మూత బిగించి, రకం, ఊరు, సంవత్సరం రాసిన చీటీ లోపలే వేయండి. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా ఎక్కువకాలం నిలుస్తాయి. అయితే సీసాను బయటకు తీసిన వెంటనే మూత తీయకుండా గది వేడికి వచ్చేదాకా ఆగండి, లేకపోతే గాలిలోని తేమ గింజల మీద చెమ్మగా పడుతుంది.

ఏటా విత్తే ముందు పది గింజలు తడిగుడ్డలో మొలిపించి చూడండి. ఏడుకు పైన మొలిస్తే గింజ బాగుంది. ఐదుకు పడితే ఆ ఏడే అన్నీ విత్తి, కొత్త గింజ తీసుకోండి.