బాతుల్ని గూస్‌లు కొడుతుంటే ఏం చేయాలి

బాతులు, గూస్‌లు (బాతు కన్నా పెద్దవి, మెడ పొడుగ్గా ఉండేవి) కలిపి పెంచేవాళ్లకి గొడవ ఎక్కువగా మొదలయ్యేది గుడ్ల సీజన్‌లోనే, ఆడ గూస్ గూట్లో కూర్చుందంటే పొదిగే ఆ 30 రోజులూ దగ్గరికి ఏమొచ్చినా మగది ఊరుకోదు. మెడ కిందికి చాచి బుస్సుమంటే అది వార్నింగ్, అక్కడితో ఆగితే మీరు మధ్యలో దూరకండి. కానీ బాతు వీపు మీద ఈకలు ముక్కుతో పట్టేసుకుని రెక్కలతో బాదుతుంటే మాత్రం వెంటనే విడదీయాలి, ఆ దెబ్బలకి చిన్న బాతుల ఎముకలు విరగొచ్చు.

ముందు మేత తొట్లు పెంచండి. ఒకటే తొట్టి ఉంటే గూస్ దాని ముందే నిలబడిపోతుంది, పాపం బాతులు ఆకలితో పక్కన తిరుగుతుంటాయి, అందుకే రెండుమూడు చోట్ల దూరదూరంగా పెట్టండి, నీళ్లు కూడా అంతే. రాత్రి షెడ్‌లో రెండిటికీ మధ్యలో మెష్ (వైరు జాలీ) కట్టేయండి, ఇరుకులోనే దెబ్బలు ఎక్కువ తగిలేది.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది, మగవాటి లెక్క. ఒక మగ బాతుకి ఐదారు పెట్టలు, ఒక మగ గూస్‌కి రెండు నుంచి నాలుగు ఆడవి ఉండాలి. జత లేని మగ గూస్ బాతు పెట్టల మీదెక్కితే ఆ బరువుకి నడుం దెబ్బతింటుంది, నీళ్లలో అయితే మునిగి చచ్చిపోతాయి కూడా. పెట్ట మెడ వెనక ఈకలు ఊడి చర్మం కనిపిస్తోందేమో రోజూ చూడండి, కనిపిస్తే ఆ మగదాన్ని అదేరోజు వేరే దొడ్లోకి మార్చేయండి.

బాతు పిల్లల్ని మాత్రం ఈకలు పూర్తిగా వచ్చేదాకా గూస్‌లు లేని వైపు, మెష్ ఇవతలే ఉంచండి, ఒకదాన్నొకటి చూసుకుంటూ అలవాటవుతాయి.